బుట్టపేర్ల ఇల్లు

"లూషియస్ ఇమాన్యుయేల్ గేలార్డ్ ఎవరు?"

రెనెట్టా ఈ మాట అడగడం అప్పటికి నాలుగోసారి. ఒక చేతిలో దువ్వెన, రెండో చేతిలో కోర్టు కాగితాలు. డ్రయ్యర్ కింద కూర్చున్న మిస్ ఎర్నెస్టీన్ జుట్టు అప్పటికే పావుగంట ఎక్కువ కాలింది. రెనెట్టాకి ఆ ధ్యాసే లేదు. మిస్ ఎర్నెస్టీన్‌కి ధ్యాస ఉంది గానీ, నోరు విప్పితే తనను బయటికి పంపించేస్తారని భయం. ఇంత రసవత్తరమైన గొడవ ఎండాకాలం మొత్తంలో ఆవిడకి దొరకలేదు మరి.

కాగితాలు తెచ్చిన పోలీసాయన వెళ్ళి అరగంట కూడా కాలేదు. వచ్చినవాడు వీధి తలుపు తట్టాడు. అప్పుడే గుండె ఝల్లుమనాల్సింది. మా చార్ల్స్‌టన్ ఈస్ట్ సైడ్ ఇళ్ళకి వీధి తలుపు తీస్తే వసారా వస్తుంది, ఆ వసారాలోంచి పక్కకి తిరిగితే గానీ ఇల్లు రాదు. మనవాళ్ళెవరైనా తలుపు తోసుకుని వసారాలో నిలబడి కేకేస్తారు. తలుపు తట్టేవాడు ఎప్పుడూ పరాయివాడే.

"ఐదోసారి అడిగినా అదే చెప్తాను. నాకు తెలీదు," అంది మిన్నత్త, లోపల భోజనాల బల్ల దగ్గర బీన్స్ ఒలుస్తూ. "ఆ పేరుగలవాడు మన ఇంట్లో లేడు."

"లేనివాడు వాటా ఎలా అమ్మాడత్తా?"

"అమ్మినవాణ్ణి అడుగు."

"అదేగా నేను మొత్తుకునేది, ఎవడు వాడని!"

మిన్నత్త రెనెట్టాకి మేనత్త. తల్లీ తండ్రీ పోయిన పిల్లని తొమ్మిదో ఏట నుంచి తనే పెంచింది. వీధిలో అందరికీ ఆవిడ మిన్నత్తే. నెలకోసారి మొదటి ఆదివారం తెల్లబట్టలు కట్టుకుని చర్చిలో ముందు వరసలో కూర్చునే పెద్దావిడ. డెబ్భై ఎనిమిదేళ్ళు. 'మిన్నత్త నోట అబద్ధం వస్తే కూపర్ నది వెనక్కి పారుతుంది' అని ఒకరంటే, 'నదికేం, సముద్రం పోటెత్తితే రోజుకి రెండుసార్లు వెనక్కే పారుతుంది, మిన్నత్త మాత్రం తిరగదు' అని ఇంకొకరు దిద్దుతారు.

బల్లకి ఆ చివర ఆవిడ తమ్ముడు కూటర్ బాబాయ్ తలవంచుకుని బెండకాయ సూపు తాగుతున్నాడు. అరవై దాటాయి. మాటలు తక్కువ, పని ఎక్కువ. వసారా పైకప్పుకి ఏటా నీలం రంగు వేసేది ఆయనే. ఆ నీలం చూసి దెయ్యాలు నీళ్ళనుకుంటాయని, దాటలేక వెనక్కి పోతాయని మావాళ్ళ నమ్మకం. ఇన్నేళ్ళలో ఆ ఇంటికి ఒక్క దెయ్యమూ రాలేదు, నిజమే. కంపెనీలకే ఏ రంగన్నా భయం లేదు.

"మళ్ళీ చదువు," అంది రెనెట్టా కూతురితో.

కెజియా కింగ్ స్ట్రీట్ మీద కొత్తగా లేచిన హోటల్లో పని చేస్తుంది. మధ్యాహ్నం డ్యూటీకి యూనిఫాం వేసుకుని బయల్దేరుతుంటే తలుపు తట్టిన శబ్దం వినిపించింది. ఇక ఎక్కడికి వెళ్తుంది?

"ఇంట్లో లూషియస్ ఇమాన్యుయేల్ గేలార్డ్ వాటాని ఇళ్ళ వ్యాపారం చేసే కంపెనీ వాళ్ళు కొన్నారట. కాబట్టి వాళ్ళు కూడా ఇప్పుడు ఇంటికి హక్కుదార్లట. ఈ ఇంటిని ముక్కలుగా పంచడం కుదరదు కాబట్టి మొత్తం అమ్మేసి, ఎవరి భాగం వాళ్ళకి ఇప్పించమని కోర్టుని అడుగుతున్నారు. మనకి ముప్పై రోజులు టైమిచ్చారు."

"ఒక్కడు అమ్మితే మొత్తం ఇల్లు ఎలా అమ్ముతారే? మిగతావాళ్ళం మనుషులం కాదా?"

"ఇల్లు ఇంకా అమ్మమ్మ వాళ్ళ తాత ప్రిన్స్ పేరు మీదే ఉందమ్మా. ఆయన రాసివ్వలేదు, ఆయన పిల్లలు రాసివ్వలేదు. అందరిదీ అంటే ప్రతి మేకులోనూ అందరికీ ఇంత ఉన్నట్టు. అందులో ఒక్కడు చాలు కోర్టుకి వెళ్ళడానికి."

రెనెట్టా కుర్చీ చేతి మీద కూలబడింది. ఆ ముందుగదిలోనే ఇరవై రెండేళ్ళుగా ఆమె షాపు. రెండు అద్దాలు, మూడు కుర్చీలు, తలుపు మీద 'గేలార్డ్ బ్యూటీ' అని చేత్తో రాసిన బోర్డు. ఈస్ట్ సైడ్‌లో పెళ్ళయినా, చావైనా, ముందు ఆమె కుర్చీలో తల పెట్టాల్సిందే. తలలు మాత్రం ఏడాదికేడాది తగ్గుతున్నాయి. ఒకళ్ళు ఊరవతల లాడ్సన్ వెళ్ళిపోయారు, ఒకళ్ళు గూస్ క్రీక్. ఎదురింట్లో ఇప్పుడు వారానికో కొత్త టూరిస్టు జంట దిగుతుంది, చక్రాల పెట్టెలు గడగడలాడించుకుంటూ. మూల మీద చేపల కొట్టు ఉండే చోట కొవ్వొత్తులు అమ్ముతున్నారు. కరెంటు ఉన్న ఊళ్ళో అంత ఖరీదు పెట్టి కొవ్వొత్తులు ఎవరు కొంటారో మాకెవరికీ అర్థం కాలేదు.

"ఇదంతా మీ హోటళ్ళు వచ్చాకే," అంది రెనెట్టా. కోపం ఎవరో ఒకరి మీద పడాలి కదా.

"నేను అక్కడ పని చేస్తున్నానమ్మా, కట్టలేదు."

"ఊరు బాగుపడుతోంది, ఊరు బాగుపడుతోందని నువ్వేగా మురిసిపోయావు!"

"దీపాలు వేశారు, రోడ్లు వేశారు, బాగుంది అన్నాను. తప్పా? ముందు మన ఇంట్లో ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు వీలునామా రాసి ఉంటే..."

"కాగితం!" మిన్నత్త చేతిలో బీన్స్ కాయ ఫట్‌మని విరిగింది. "మళ్ళీ కాగితమే. మనవాళ్ళు ఈ ఊరికి రాకముందు, ద్వీపంలో మా పెదతాతకి ఎంత పొలముండేదో తెలుసా నీకు? మంచి బట్టలేసుకున్నాయన ఒకడొచ్చి ఇక్కడ గీత పెట్టు అన్నాడు. పెట్టాడు. ఇప్పుడక్కడ గోల్ఫ్ ఆడుతున్నారు. కాగితం మీద చెయ్యి పెట్టిన ప్రతివాడూ నేల పోగొట్టుకున్నాడు. అందుకే మా తాత అన్నాడు, ఈ ఇంటికి కాగితం రాయొద్దు, రాయకపోతే లాక్కోవడానికి వాళ్ళకేం దొరకదు అని. వందేళ్ళు నిలబడింది ఇల్లు."

"నిలబడింది అమ్మమ్మా. ఇవాళ్టి దాకా."

డ్రయ్యర్ ఒక్కటే గుర్రుమంటోంది.

రెనెట్టా ఫోన్ తీసింది. గేలార్డ్‌ల్లో పెద్ద తాత శాఖంతా ఫిలడెల్ఫియాలో ఉంటుంది. ఏ చెడు జరిగినా ముందు వాళ్ళ మీదే అనుమానం. డెల్ఫీన్ ఆమెకి వరసకి అక్క.

"టూటీ! ఎవరు పోయారు?" అంది డెల్ఫీన్ ఎత్తగానే. చార్ల్స్‌టన్ నుంచి ఫోనంటే చావు కబురే.

"ఎవరూ పోలేదక్కా. ఇల్లే పోయేలా ఉంది. నిజం చెప్పు, మీలో ఎవరు అమ్మారు?"

"ఏం అమ్మారు?"

"వాటా. లూషియస్ ఎవరు? మీ తమ్ముడేనా?"

"మా తమ్ముడి పేరు పీవీ."

"కాగితాల మీద?"

డెల్ఫీన్ గొంతు కాస్త తగ్గింది. "కాగితాల మీద ఏదో ఉంటుంది. నాకేం తెలుసు? పుట్టినప్పట్నించీ వాడు పీవీయే."

ఇందులో డెల్ఫీన్ తప్పేం లేదు. మావాళ్ళకి రెండు పేర్లు. ఒకటి బడికి, డాక్టరుకి, పోలీసుకి. రెండోది పుట్టగానే బుట్టలో పడుకోబెట్టినప్పుడు పెట్టేది, దాన్ని బుట్టపేరు అంటాం. పిలుపూ అదే, తిట్టూ అదే, చివరికి చర్చిలో ఏడ్చేదీ ఆ పేరు పెట్టే. రెనెట్టా ఇంట్లో టూటీ. మిన్నత్త అసలు పేరు అడిగితే వీధిలో సగం మంది తెల్లమొహం వేస్తారు. పరాయివాడి నోటికి మన అసలు పిలుపు చిక్కకూడదని పెద్దలు పెట్టిన కంచె అది. ఇవాళ ఆ కంచెలో మేమే ఇరుక్కున్నాం.

"పీవీని అడిగి చెప్పు," అంది రెనెట్టా.

"ఏమిటే అడిగేది, దొంగని అడిగినట్టు? మాకు ఆ ఇంట్లో కాలు పెట్టే యోగమే లేదు, ఇంక అమ్మడమొకటా! రెండేళ్ళ కింద పిల్లల్ని తీసుకొస్తానంటే గది లేదన్నావు. కుర్చీలూ డ్రయ్యర్లూ పెట్టి ముందుగదంతా మింగేశావు."

"కప్పు కారితే గిన్నెలు పెట్టింది నేను! పన్ను కట్టింది నేను! మీరొచ్చి ఒక్క మేకు కొట్టారా?"

"ఆహా, ఎవరిల్లని కొట్టావమ్మా మేకులు? ఆ ఇంట్లో నీ హక్కేంటో ముందు మిన్నత్తని అడుగు. ఆ తర్వాత నన్నడుగుదువుగాని!"

ఫోన్ ఠక్కున ఆగిపోయింది.

"కళ్ళు నెత్తికెక్కాయి దానికి. పొగరు!" అంది రెనెట్టా. "విన్నావా అత్తా?"

"విన్నాను," అంది మిన్నత్త. "అది చిన్నప్పట్నించీ అంతే." కానీ ఆవిడ చేతిలో కాయ చాలాసేపు ఒలవకుండా అలాగే ఉండిపోయింది.

కెజియా అప్పటికే బీరువా మీంచి బైబిల్ దింపింది. రెండు చేతులు పడితే గానీ లేవని పాత బైబిల్. మొదటి పేజీల్లో ఆ ఇంటి పుట్టుకలూ చావులూ రాసి ఉంటాయి, మిన్నత్త తల్లి చేతిరాతలో కొన్ని, మిన్నత్త చేతిరాతలో కొన్ని. ఫ్యాను గాలికి పేజీలు లేస్తుంటే మిన్నత్త అరచెయ్యి వేసి నొక్కిపెట్టింది.

"పీవీ, బంచ్, బుకర్, మిన్నా..." కెజియా వేలు పెట్టి వెతుకుతోంది. "అన్నీ బుట్టపేర్లే! ఒక్కరైనా అసలు పేరు రాయొద్దా?"

"దేవుడికి ఇవే తెలుసు," అంది మిన్నత్త.

"దేవుడు నోటీసు పంపలేదు అమ్మమ్మా. ఆగు, కోర్టు కాగితంలో వారసుల జాబితా ఉంది. పుట్టిన తేదీలతో సహా ఉంది." ఒక వేలు కాగితం మీద, ఒక వేలు బైబిల్ మీద. "లూషియస్ ఇమాన్యుయేల్... పుట్టింది సెప్టెంబరు ఇరవై తొమ్మిది. ఇక్కడ సెప్టెంబరు... సెప్టెంబరు... ఇదిగో. 'సెప్టెంబరు ఇరవై తొమ్మిది. పెద్ద గాలివాన. కప్పు సగం లేచిపోయింది. మగపిల్లాడు. పేరు...'"

కెజియా ఆగిపోయింది.

చదవాల్సిన పని లేదు. పెద్ద గాలివాన రోజు పుట్టిందెవరో ఈస్ట్ సైడ్ మొత్తానికి తెలుసు. ఏటా ఆ రోజున ఆ ఇంట్లో కేకు కోస్తూ ఆ గాలివాన కథ చెప్పుకుంటారు.

బల్ల చివర చెంచా గిన్నెలో ఆగింది.

"బాబాయ్?" అంది రెనెట్టా.

కూటర్ తల ఎత్తలేదు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది వాళ్ళ పని. ఏళ్ళ తరబడి 'ఎల్. ఇ. గేలార్డ్' అని వచ్చే పెన్షన్ కవర్లని రెనెట్టానే ఆయన కంచం పక్కన పెడుతోంది. ఎల్ అంటే ఏంటి, ఇ అంటే ఏంటి అని ఒక్కసారి కూడా అడిగిన పాపాన పోలేదు.

"ఆస్పత్రిలో డాక్టరు రాసుకున్న పేరది," అంది మిన్నత్త నెమ్మదిగా, తనలో తను. "అమ్మ కూడా రెండోసారి పలకలేదు. నేను మర్చేపోయాను. దేవుడా, మర్చేపోయాను."

"బాబాయ్, చెప్పు. ఇంకో లూషియస్ ఎవరైనా ఉన్నారేమో చెప్పు."

"నేను ఇల్లు అమ్మలేదు టూటీ," అన్నాడు కూటర్. "ఇల్లెందుకు అమ్ముతాను? నా గదే అమ్మాను."

"గదా?"

"వెనక మేడగది. నాదేగా? మధ్యగది అక్కది. ముందుగది మీ నాన్న షాడ్‌ది, అన్న పోయాక నీకొచ్చింది. తాత అలాగే పంచాడు. ఎప్పుడైనా నీ గదిలోకి వచ్చానా నేను? నా గది వరకే సంతకం పెట్టాను. నేనున్నన్నాళ్ళూ నన్నే ఉండమన్నాడు ఆ కంపెనీ కుర్రాడు. నా తర్వాతే వాళ్ళకి అన్నాడు. మంచి కుర్రాడే. మేజోళ్ళు లేకుండా బూట్లేసుకుంటాడు గానీ, సార్ సార్ అని పిలిచాడు నన్ను."

ఆ ఇంట్లో వాటా అంటే గదే. వాళ్ళకి అంతకంటే ఇంకో లెక్క తెలీదు. ఆ లెక్కతోనే వందేళ్ళు ఒకరి గది తలుపు ఒకరు తట్టి మరీ లోపలికి వెళ్ళారు. కోర్టుకి మాత్రం గదులు కనపడవు, వాటాలే కనపడతాయి.

"ఎందుకు?" అంది రెనెట్టా. "ఎందుకు బాబాయ్? ఏం తక్కువైంది నీకు?"

"రేకులు."

"ఏంటి?"

"కప్పు మీద రేకులు. బాగు చేయించకపోతే ఇల్లు ఖాళీ చేయాలని నోటీసు అంటించారు గుర్తుందా? నువ్వు మూడు బ్యాంకులు తిరిగొచ్చావు. ఇల్లు ఎవరి పేరునా లేదు, అప్పివ్వం అన్నారు. ఆ రోజు వానలో నువ్వు నెత్తి మీద గొడుగు కట్టుకుని ఎవరికో జుట్టు దువ్వుతున్నావు. నవ్వుకుంటూ దువ్వుతున్నావు. గుమ్మంలోంచి చూశాను. మళ్ళీ మేడ మీదకి వెళ్ళిపోయాను."

"రేకులు చర్చివాళ్ళు ఇచ్చారన్నావు!"

"చర్చివాళ్ళు ప్రార్థన చేశారు. రేకులు నేను తెచ్చాను."

కంచే చేను మేసిందని అరుద్దామని నోరు తెరిచింది రెనెట్టా. కానీ ఈ కంచె చేను మేయలేదే. చేను కోసం తన్ను తాను నరుక్కుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు కాబట్టే నోరు మళ్ళీ మూసేసింది.

"టూటీ," అంది డ్రయ్యర్ కింద నుంచి ఓ నీరసమైన గొంతు. "ఏమనుకోకు గానీ, నా తల మాడుతోందే."

అందరూ ఉలిక్కిపడ్డారు. ఆ ఇంట్లో ఆవిడ ఒకతె ఉందన్న సంగతే మర్చిపోయారు. రెనెట్టా పరిగెత్తి డ్రయ్యర్ ఎత్తి, వేడి రోలర్ల మీదే రుమాలు కట్టి, రేపు ఉదయం చర్చికి ముందు దువ్వుతానని ఒట్టు వేసి సాగనంపింది. మిస్ ఎర్నెస్టీన్ నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ ఇల్లు చేరేలోపే కబురు వీధంతా చేరుతుంది.

తిరిగి లోపలికి వచ్చేసరికి కూటర్ గిన్నె కడుగుతున్నాడు. కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతున్నాడు.

"నన్ను వెళ్ళి చెప్పనీ," అన్నాడు అటు తిరిగే. "నాకు తెలీక పెట్టానని చెప్తాను. నా గది తీసుకుని మిగతాది వదిలెయ్యమంటాను. కావాలంటే రేపే ఖాళీ చేస్తాను."

"చాల్లే బాబాయ్, నీ మంచితనంతో ఇంకెన్ని గదులు పోగొడతావు?" అంది రెనెట్టా. అన్నాక నాలుక కరుచుకుంది. ఆయన వీపు కొద్దిగా వంగింది. ఆ వంపు చూసి ఆమెకి ఏడుపొచ్చింది.

"అమ్మా, ఆగు. దారి ఉంది." కెజియా కాగితాల మీదకి వంగింది. "ఇక్కడ రాశారు చూడు. వారసుల్లో ఎవరైనా ముందుకొస్తే, కోర్టు కట్టిన ధరకి కంపెనీ వాటా వాళ్ళే కొనుక్కోవచ్చట. అలా కొంటే ఇల్లు అమ్మకానికి పెట్టరు. ముప్పై రోజుల్లో కోర్టుకి చెప్పాలి."

"ఎవరైనా అంటే?"

"వారసులు ఎవరైనా సరే."

రెనెట్టా మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. "అయితే నేను కొంటాను. ఇంటి మీద అప్పివ్వకపోతే మానె, షాపు మీద ఇస్తారు. ఇరవై రెండేళ్ళ షాపు నాది. ఫిలడెల్ఫియా వాళ్ళు కదలరు, అత్తకీ బాబాయ్‌కీ పెన్షన్ తప్ప లేదు. ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. ఈ చేతులున్నాయి, తీరుస్తాను. బాబాయ్, ఆ గిన్నె వదిలెయ్. నీ గది నేను విడిపిస్తాను."

కూటర్ వెనక్కి తిరిగాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. నవ్వలేదు గానీ, నవ్వు మొదలయ్యే చోటికి వచ్చాడు.

"జాబితాలో నా పేరు చూసి చెప్పవే. ఎన్నోదాన్ని?"

కెజియా చదివింది. విల్‌హెల్మినా అంటే మిన్నత్త. లూషియస్ అంటే ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది. పెర్సివల్ పీవీయే అయి ఉండాలి. డెల్ఫీన్ డెల్ఫీనే, దానికి బుట్టపేరు కూడా ఇవ్వబుద్ధి కాలేదు ఎవరికీ.

"థడియస్ గేలార్డ్," అంది కెజియా. "అంటే మీ నాన్న, షాడ్ తాతయ్య. 'మరణించారు.'" వేలు ఆ వరస చివరిదాకా వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది.

"ఊఁ, ఆయన కింద నేను. చదువు."

"'సంతానం లేదు,' అని ఉందమ్మా."

రెనెట్టా నవ్వింది. నిజంగానే నవ్వింది. "మరి నేనెవర్ని? ఆకాశంలోంచి ఊడిపడ్డానా?"

ఎవరూ నవ్వలేదు.

"ఓ, అదా!" అంది మళ్ళీ, తనే తేల్చేస్తూ. "నా పుట్టుక కాగితంలో తండ్రి గడి ఖాళీ. నాకు తెలిసిందేగా. మా అమ్మ ఆల్మాకీ ఆయనకీ పెళ్ళి కాకముందే ఆయన షిప్‌యార్డులో పోయాడు. అందుకే లైసెన్సు మీద నాకు అమ్మ ఇంటిపేరే, విగ్‌ఫాల్. బోర్డు మీదే గేలార్డ్. దానికేముంది? ఊరంతటికీ తెలుసు నేను షాడ్ కూతుర్నని. ఆ కుర్రాడు ఆఫీసులో కూర్చుని గడులు చూసి రాశాడు. మనుషుల్ని అడగలేదు."

"ఊరికి తెలిస్తే కోర్టుకి చాలదమ్మా. ఆయన్ని, మీ అమ్మని, నిన్ను పుట్టినప్పట్నించీ ఎరిగినవాళ్ళు చెప్పాలి. ప్రమాణం చేసి చెప్పాలి."

"అత్త లేదా? నన్ను పెంచిన మనిషి. అత్త మాట కాదనే జడ్జి ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు." రెనెట్టా వచ్చి మిన్నత్త పక్క కుర్చీలో కూర్చుంది. కాగితాలొచ్చాక మొదటిసారి ఊపిరి తీసుకున్నట్టుంది. "బైబిల్ మీద చెయ్యి పెట్టమంటారు, అంతే. నీ చెయ్యి దాని మీదే ఉంది చూడు, మంచి శకునం. ఏదీ, అక్కడ చెప్పబోయేది ఇక్కడ ఒకసారి చెప్పు, వింటాను."

మిన్నత్త ఒళ్ళోని బీన్స్ గిన్నె సర్దుకుంది.

"అత్తా."

ఆవిడ చూపు బైబిల్ పేజీ మీద ఉంది. కెజియా కూడా అటే చూసింది. అరచేతి కింద నుంచి కనపడుతున్న వరస తన అమ్మ రెనెట్టాదే, మిన్నత్త చేతిరాతే. చిన్నప్పట్నించీ ఎన్నోసార్లు చూసిన వరస. ఇవాళ మాత్రం పైనా కిందా ఉన్న వరసలతో కలిపి చూసింది. పైన 'మగపిల్లాడు పుట్టాడు'. కింద 'ఆడపిల్ల పుట్టింది'. ప్రతి ఒక్కరూ పుట్టినవాళ్ళే.

అమ్మ వరసలో ఆ మాట లేదు. 'మార్చి మూడు. ఆల్మా, చంటిబిడ్డ టూటీ ఈ ఇంటికి వచ్చారు,' అని ఉంది. షాడ్ కూతురని ఎక్కడా లేదు.

కెజియా తలెత్తి కూటర్ తాతయ్య కేసి చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఒక్క మాటే అత్తా," అంది రెనెట్టా. ఆమె గొంతులో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "'ఇది మా షాడ్ కూతురు' అను. అంతే. చెప్పు."

ఫ్యాను తిరుగుతోంది. వీధిలో ఎవరో చక్రాల పెట్టె లాక్కుంటూ వెళ్తున్నారు.

మిన్నత్త అరచెయ్యి మెల్లగా బైబిల్ మీంచి లేచింది. ఫ్యాను గాలికి పేజీలు రెపరెపలాడుతూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆ చెయ్యి ఒళ్ళోని గిన్నెలోకి వెళ్ళి, ఇంకో బీన్స్ కాయ తీసుకుని, ఒలవడం మొదలుపెట్టింది.